చెరసాలగా మారిన పాఠశాల

నామ్‌పెన్‌లో దిగిన మొదటి రోజే నాకు రెండు మాటలు పట్టుబడ్డాయి. కంబోడియావాళ్లు బడిని 'సాలా' అంటారు, గురువును 'క్రూ' అంటారు. మన శాల, మన గురువు! ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశానని తెలియగానే మా గైడమ్మాయి నన్ను 'లోక్ క్రూ' అని పిలవడం మొదలుపెట్టింది. గురువుగారూ అన్నమాట. చిల్లరగా ఇచ్చిన రియెల్ నోటు మీద రెండు, మూడు అంకెలు దాదాపు మన తెలుగు అంకెల్లాగే ఉన్నాయి. ఊరు కాని ఊరులో చుట్టాలు కనిపించినంత సంబరపడ్డాను.

మర్నాడు ఆ అమ్మాయి నన్ను తువోల్ స్లెంగ్‌కు తీసుకెళ్లింది.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కంబోడియా కమ్యూనిస్టుల దళాలు ఈ రాజధానిని పట్టుకున్నాయి. అమెరికా బాంబులు వేయబోతోందని, మూడు రోజుల్లో తిరిగి రావచ్చని చెప్పి, దాదాపు ఇరవై లక్షల మందిని పల్లెలకు తోలేశారు. ఆసుపత్రుల్లోని రోగులను సైతం మంచాలతోపాటు తోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. డబ్బు రద్దయింది, బడులు మూతపడ్డాయి. చదువుకున్నవాడంటే చాలు, శత్రువు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం నగరంలోకి వచ్చేనాటికి దేశంలో సుమారు పదిహేడు లక్షల మంది ఆకలికి, రోగాలకు, వెట్టిచాకిరికి, హత్యలకు బలైపోయారు.

ఖ్మేర్ రూజ్ చెరసాలగా మార్చిన తువోల్ స్లెంగ్ అంతకుముందు ఒక ఉన్నత పాఠశాల, ఇప్పుడు మ్యూజియం. గేటు దాటగానే నాకు కనిపించింది బడే: మూడంతస్తుల భవనాలు, పొడవాటి వరండాలు, ఆవరణలో దేవగన్నేరు చెట్లు, పిల్లలు కసరత్తు చేసే కొయ్య స్తంభాలు. ఆ స్తంభాలకే మనుషులను తలకిందులుగా వేలాడదీసేవారట. పక్కన ఖైదీలు పాటించాల్సిన పది నియమాల బోర్డు ఉంది. కొరడా దెబ్బలు తినేటప్పుడు, కరెంటు షాకు పెట్టేటప్పుడు అసలు ఏడవకూడదన్నది వాటిలో ఒకటి.

తరగతి గదుల మధ్య గోడలను అడ్డదిడ్డంగా పగలగొట్టి దారులు చేశారు. లోపల ఇటుకలతో ఇరుకైన ఖైదు గదులు కట్టారు. ఒక్కొక్కటి రెండు మీటర్ల పొడవు, మీటరైనా లేని వెడల్పు. నేను ఒకదానిలో నిలబడి చేతులు చాపబోతే మోచేతులు గోడలకు తగిలాయి. కింద గళ్ల పలకలు అలాగే ఉన్నాయి. బెంచీల వరసలు సరిగ్గా ఉండాలని పిల్లల చేత ఆ గళ్లను లెక్కపెట్టించిన మాస్టారు ఎవరో ఒకరు ఇక్కడా ఉండి ఉంటారు. నేనూ అలాగే చేయించేవాణ్ణి.

ఈ చెరసాలను నడిపిన అధికారి కైంగ్ గుయెక్ ఇయావ్, అంతకుముందు లెక్కల మాస్టారు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివే వచ్చాను. అయినా ఆ గదిలో గైడు నోట విన్నప్పుడు కాళ్లు కదల్లేదు. హింసించి రాయించుకున్న వాంగ్మూలాల అంచుల్లో అతను ఎర్ర సిరాతో దిద్దేవాడట. ఎర్ర సిరా! నా జేబులో జీవితమంతా ఉన్నది కూడా అదే. అతనికి 2010లో శిక్ష పడింది, 2012లో దాన్ని యావజ్జీవంగా మార్చారు, 2020లో చనిపోయాడు. ఈ లోపలికి వచ్చినవాళ్లు పద్నాలుగు వేలకు పైమాటే. ప్రాణాలతో బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలో వాన్ నాథ్ బొమ్మలు వేయగలిగినందుకు, చుమ్ మేయ్ యంత్రాలు బాగుచేయగలిగినందుకు బతికారు.

తర్వాతి గదుల నిండా ఫోటోలే. ఖైదీ రాగానే తీసినవి. ఒక తల్లి ఒడిలో పసిబిడ్డ. ఎనిమిదో తరగతి వయసు పిల్లలు. తరగతిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగుదామనుకున్నాను. మూడో వరస దాటలేకపోయాను. గైడమ్మాయి ఏమీ అనకుండా నీళ్ల సీసా అందించింది.

ఊరి బయట చ్యుంగ్ ఎక్ పొలానికీ వెళ్లాం. తువోల్ స్లెంగ్ ఖైదీల్లో ఎక్కువ మందిని అక్కడికి తీసుకెళ్లే చంపారు. దాదాపు తొమ్మిది వేల మంది అవశేషాలు తవ్వితీశారు. వానలు పడితే నేటికీ ఎముకలు, గుడ్డ పీలికలు పైకి తేలుతాయి. పసిపిల్లలను మోది చంపిన చెట్టుకు వచ్చినవాళ్లు రంగురంగుల దారపు కంకణాలు తగిలించి వెళుతున్నారు. అక్కడి గురించి ఇంతకంటే రాయలేను.

సాయంత్రం తిరిగి వస్తుంటే ఒక సందులో బడి వదలలేదింకా. తెల్ల చొక్కాలు, నీలం లాగులు, గొంతెత్తి అంకెలు చదువుతున్నారు. ముయ్, పీ, బేయ్, బువన్, ప్రామ్. ఐదు తర్వాత వాళ్లకు ఆరుకు వేరే మాట లేదట. ప్రామ్‌ముయ్, అంటే ఐదూ ఒకటి. ఏడంటే ఐదూ రెండు. బండి ఆపమన్నాను. కిటికీ పక్కన నిలబడి పది దాకా విన్నాను. పిల్లలు మళ్లీ ఒకటి నుంచి అందుకున్నారు.