భూమి కింద రెండు రాత్రులు

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి స్టువర్ట్ హైవే ఎక్కి దాదాపు 850 కిలోమీటర్లు, తొమ్మిది గంటలు కార్లోనే, దార్లో ఎర్రమట్టి తప్ప ఇంకేం లేదు, తీరా కూబర్ పీడీ వచ్చాక ఊరేదిరా బాబూ అనిపించింది, చాలామంది భూమి కిందే ఉంటారు మరి! బయట 44 డిగ్రీలు, మా రూమేమో కొండ తొలిచి చేసింది, ఏసీ లేదు, అయినా దుప్పటి కప్పుకుని పడుకున్నా.

1915లో బంగారం వెతకడానికొచ్చిన వాళ్ళతో ఉన్న 14 ఏళ్ళ కుర్రాడు విల్లీ హచిసన్‌కి ఓపల్ (రంగులు మెరిసే రత్నం) దొరికింది, అక్కణ్ణుంచే ఈ ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఇలా ఇళ్ళు తవ్వుకోవడం మొదలెట్టారంట, ట్రెంచుల్లో బతికిన అలవాటు కదా. ఊరి పేరు కూడా ఆదివాసీల మాటే, కూపా పీటి, తెల్లోడి బొరియ అని అర్థం చెప్తారు (నాకు తెగ నచ్చేసింది). సెర్బియా వాళ్ళ చర్చి కూడా కిందే. గోల్ఫ్ కోర్సులో గడ్డిపరక ఉండదు, రాత్రిళ్ళు మెరిసే బంతులతో ఆడతారు.

ఊరి బయట ఎక్కడ చూసినా ఓపల్ కోసం తవ్విన గుంతలు, వెనక్కి నడవకండి అని బోర్డులు. తవ్విపోసిన మట్టి కుప్పల్లో వెతుక్కోవచ్చంటే మావాడు గంటసేపు కెలికి ఒక రాయి తెచ్చాడు, షాపాయన చూసి నవ్వాడు, వీడు మాత్రం ఇంకా జేబులోంచి తియ్యట్లా.