దారం ఎటుంది?

మా కాలేజీ కమిటీ వాళ్లు మాకు ఫ్లూయిడ్స్ (గాలి, నీళ్ల ప్రవాహాల చదువు) చెప్పిన మాస్టారి గురించి రెండు పేజీలు రాయమన్నారు. రాయబోతే నాలుగేళ్ల చదువులో ఒక్క గురువారం మధ్యాహ్నమే కళ్లముందు నిలబడుతోంది. ఫ్లూయిడ్స్ ల్యాబ్‌లో ఆ చిన్న విండ్ టన్నెల్ (వస్తువు మీదికి గాలి ఊది చూసే సొరంగం), ఇనుప పుల్లకి గుచ్చిన క్రికెట్ బంతి, దానిమీద అంటించిన ఉన్ని దారం ముక్కలు. "దారం ఎటుంది?" అని అడిగేవారు మాస్టారు. దారం ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టు, అదీ పాఠం. ఆ పాఠంతోనే బతుకంతా నెగ్గుకొచ్చిన మనిషి ఒకాయన మా అట్లాంటాలో ఆడాడు. పేరు ఫిల్ నీక్రో, బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. 2020 డిసెంబర్ 26న 81వ ఏట పోయారు. మాస్టారి పేజీలో ఆయనకి చోటిస్తున్నాను. మాస్టారుంటే కాదనరు.

నీక్రోది ఒహాయో. నాన్న బొగ్గుగని కార్మికుడు. ఇంటి పెరట్లో కొడుక్కి నకుల్‌బాల్, అంటే దాదాపు తిరగకుండా వెళ్లే బంతి, నేర్పింది ఆయనే. పేరులో వేలి కణుపులున్నా దాన్ని పట్టేది గోళ్లతో. కుట్లు గుర్రపునాడాలా వంగే చోటికి కాస్త కిందగా, చూపుడువేలు, మధ్యవేలు గోళ్లు తోలులో దిగాలి. అడుగున బొటనవేలు ఆసరా. మణికట్టు బిర్రుగా ఉండాలి. విసిరేటప్పుడు విదిలించకూడదు, బంతిని ముందుకి నెట్టాలి. వేగం గంటకి 100, 110 కిలోమీటర్లు, అంతే. బ్యాటర్ ముందున్న ప్లేట్ దాకా ఉన్న 18.44 మీటర్లలో బంతి ఒకటి, ఒకటిన్నర చుట్లకి మించి తిరగకూడదు.

ఇక్కడే మాస్టారు వస్తారు. క్రికెట్ బంతి కుట్టు నడుంపట్టీలా నేరుగా చుట్టుకుని ఉంటుంది. బేస్‌బాల్ కుట్టు బంతంతా మెలికలు తిరుగుతుంది. బంతి మెల్లగా తిరిగే కొద్దీ గాలికి ఎదురయ్యే కుట్టు చోటు మారుతుంది. కుట్టు ఎటుంటే అటు బౌండరీ లేయర్ (బంతిని ఆనుకుని పారే పలుచటి గాలిపొర) కల్లోలమై బంతిని ఇంకాస్త వెనకదాకా అంటిపెట్టుకుంటుంది. బంతి వెనకాల మిగిలే గాలి జాడ, అంటే వేక్, అవతలికి వంగుతుంది, బంతి ఇవతలికి జరుగుతుంది. కుట్టు చోటు మారగానే తోపూ మారుతుంది. 1975లో తులేన్ యూనివర్సిటీ వాళ్లు టన్నెల్‌లో కొలిచి తేల్చింది ఇదే. ఎటు పోతుందో వేసినవాడికీ తెలియదు. 2011 ప్రపంచకప్‌లో జహీర్ ఖాన్ వేసిన నకుల్ బాల్ దీనికి చుట్టమే.

గోరు విరిగిందా, ఆ రోజు పట్టు చిక్కదు. చుట్లు నాలుగైదు పడ్డాయా, అది ఉత్త నిదానపు బంతి, బ్యాటర్‌కి విందుభోజనం. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కి పెద్ద గ్లవ్ ఇచ్చినా బంతులు జారిపోతాయి, ఆ సందులో రన్నర్లు తర్వాతి బేస్‌కి ఉరికేస్తారు. అదే బంతి వేసే తమ్ముడు జో నీక్రో 1987లో మైదానంలోనే గోళ్లు రుద్దుకునే గరుకు అట్టతో దొరికాడు. బంతిని గీకడానికే తెచ్చాడని పది ఆటలు సస్పెండ్ చేశారు. అది గోళ్లకేనని అతను అన్నాడు. ఈ బంతి వేసేవాడికి అట్ట కావాలన్నది మాత్రం నిజం.

మణికట్టు మెలిపెట్టే పని లేదు కాబట్టి చెయ్యి త్వరగా అరగదు. నీక్రో 48 ఏళ్లదాకా ఆడి 318 ఆటలు గెలిచాడు. అందులో 121 నలభై దాటాకే. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మూడువందలో గెలుపు. 1985 అక్టోబర్ 6, టొరంటోలో, న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున, 46 ఏళ్ల వయసులో. ఆ రోజు చివరిదాకా నకుల్‌బాల్ ముట్టకుండా మామూలు బంతులతోనే నెట్టుకొచ్చాడు. ఆఖరి బ్యాటర్ జెఫ్ బరోస్‌కి మాత్రం నాన్న నేర్పిన బంతే వేసి ముగించాడు. 8-0. ఆ నాన్న అప్పటికి జబ్బుతో మంచం మీద ఉన్నాడు.

ఇప్పుడు మా ఆఫీసులో టన్నెల్ బాధ్యత నాదే. కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు బంతి, ఉన్ని దారం, జిగురు ఇచ్చి, మాస్టారి ప్రశ్నే అడుగుతాను. మన వాళ్లెవరైనా ఇటొస్తే అట్లాంటా బేస్‌బాల్ మైదానం ట్రూయిస్ట్ పార్క్‌కి తీసుకెళ్తాను. బయట నీక్రో విగ్రహం ఉంది. ముఖం తర్వాత, ముందు ఆ వేళ్లు చూడండి.