నిన్న తింటున్నావా, ఇప్పుడు తింటున్నావా?

ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏడాది నేను పిల్లలతో ఆడించినది బంతి ఆట. బంతి విసురుతూ ఒకరు ‘గో’ అంటే, పట్టుకున్నవారు ‘వెంట్, గాన్’ అని పూర్తి చేసి ఇంకో క్రియతో మరొకరికి విసరాలి. తరగతి హోరెత్తిపోయింది, పక్క గదిలోని లెక్కల మాస్టారు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళారు, నేనూ ఏదో సాధించాననే అనుకున్నాను. ముందురోజు ఒక్క క్రియా తప్పకుండా చెప్పిన పిల్లవాడే మరునాడు వరండాలో ఎదురుపడి, ‘సార్, యెస్టర్‌డే డిడ్ యు వెంట్ టు గుంటూర్?’ అని అడిగాడు. మూడు రూపాలూ వాడికి కంఠతా వచ్చు. ఎక్కడ ఏది వాడాలో మాత్రం నా ఆట వాడికి చెప్పలేదు. అసలు అందులో కాలమనేదే లేదు, ఎక్కాల్లాగా ఒక జాబితా ఉందంతే.

ఈ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియడానికి నేను ఇంగ్లీషు వ్యాకరణం కంటే తెలుగును ఎక్కువగా గమనించవలసి వచ్చింది. ‘ఇప్పుడు అన్నం తింటున్నాను’ అంటాం. ‘నిన్న మీరు వచ్చినప్పుడు అన్నం తింటున్నాను’ అని కూడా అంటాం. క్రియ కదలదు, ‘నిన్న’ అన్న మాటే కాలం సంగతి చూసుకుంటుంది. ఆ అలవాటుతో ‘యెస్టర్‌డే ఐ యామ్ ఈటింగ్’ అన్న పిల్లకు తానేదో తప్పు మాట్లాడానన్న అనుమానం కూడా రాదు. ‘రోజూ ఆరింటికి లేస్తాను’, ‘రేపు ఆరింటికి లేస్తాను’ అన్న రెండింటికీ మనకు ఒకటే రూపం. మన వ్యాకరణాలు మొదటిదానికి, అలవాటును చెప్పే రూపం కనుక, తద్ధర్మమని వేరే పేరు పెట్టినా నోటిలో తేడా లేదు కాబట్టి, ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’ అన్న వాక్యం మన పిల్లలకే కాదు, పెద్దలకూ సహజంగా వచ్చేస్తుంది.

అప్పటి నుంచి ఆటను ఎంచుకోవడానికి నాకు ఒక్కటే కొలత: కాలం తప్పితే ఆట చెడాలి. తప్పును పట్టుకోవడానికి నేను లేవవలసి వస్తే అది మంచి ఆట కాదు.

ఈ కొలతకు అన్నిటికంటే బాగా నిలిచినది దొంగ–పోలీసు ఆట. నిన్న సాయంత్రం ఆరు నుంచి ఏడు గంటల మధ్య బడిగంట పోయిందనీ, అనుమానితులు ఇద్దరనీ, ఆ గంటసేపూ తామిద్దరం కలిసే ఉన్నామని వాళ్ళు చెబుతున్నారనీ కథ కట్టాలి. ఆ ఇద్దరూ వరండాలోకి వెళ్ళి అయిదు నిమిషాల్లో ఒకే మాట మీదికి రావాలి. ఈలోగా తరగతి పోలీసుల్లాగా ప్రశ్నలు సిద్ధం చేసుకుంటుంది. తరువాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ‘వేర్ వర్ యు ఎట్ సిక్స్ థర్టీ?’, ‘వాట్ వర్ యు ఈటింగ్?’, ‘వాట్ వర్ యు డూయింగ్ వెన్ ది కరెంట్ వెంట్ ఆఫ్?’ అని అడుగుతారు. ఇద్దరి జవాబులకూ పొత్తు కుదరకపోతే దొంగలు దొరికినట్టే. మొదటివాడు పునుగులు అంటే రెండోవాడు మిరపకాయ బజ్జీలు అని దొరికిపోవడం మా తరగతిలో దాదాపు ఆనవాయితీ.

ఇందులో నేను చేర్చిన నియమం ఒకటుంది. ‘యెస్టర్‌డే’ అన్న మాట ఎవరూ వాడకూడదు. ఆ ఊతకర్ర తీసేస్తే కాలం బరువంతా క్రియే మోయాలి. నియమం పెట్టిన మొదటి రోజే ఒక అమ్మాయి అనుమానితురాలిగా నిలబడి, అలవాటు కొద్దీ ‘ఐ యామ్ ఈటింగ్ పునుగులు’ అంది. ముందు బెంచీ పోలీసు వెంటనే లేచి, ‘నౌ? షో యువర్ హ్యాండ్స్!’ అన్నాడు. ఆ అమ్మాయి రెండు చేతులూ చాపి చూపించింది, సుద్దపొడి తప్ప ఏమీ లేదు. తరగతి నవ్వు ఆగకముందే తనే ‘వాజ్, వాజ్, ఐ వాజ్ ఈటింగ్!’ అని సర్దుకుంది. నేను కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాను.

అలవాటుగా చేసే పనుల కోసం వృత్తిని కనిపెట్టే ఆట ఆడిస్తాను. ‘హి గెట్స్ అప్ ఎట్ త్రీ. హి క్యారీస్ క్యాన్స్’ అని వింటూ మిగిలినవారు పాలవాడని కనిపెట్టాలి. ఎవరైనా ‘హి విల్ గెట్ అప్’ అంటే, ‘రేపటి నుంచి ఉద్యోగంలో చేరతాడా?’ అని తెలుగులోనే ఎగతాళి చేస్తారు. ఆ తెలుగును నేను ఆపను. భవిష్యత్తుకు చిలక జోస్యం చాలు, దాని గురించి పెద్దగా చెప్పవలసింది లేదు.

కష్టమంతా ‘హావ్’తో వచ్చే కాలం దగ్గరే. దీనికి గది మార్చే ఆట కొంత పనికివచ్చింది: ఒకరిని బయటికి పంపి, కిటికీ మూసి, బల్ల జరిపి, బోర్డు తుడిచి లోపలికి పిలిస్తే, ‘యు హావ్ క్లోజ్డ్ ది విండో’ అని ఒక్కొక్క మార్పూ చెప్పాలి. ఇక్కడ తెలుగే సాయానికి వస్తుంది. ‘కిటికీ మూశారు’ అన్నదానికీ ‘కిటికీ మూసి ఉంది’ అన్నదానికీ తేడా ప్రతి పిల్లకూ తెలుసు. జరిగిపోయిన పని ఫలితం ఇప్పుడు కంటికి కనిపిస్తూ ఉండటమనే ఆ భావాన్నే ఇంగ్లీషు ఇలా చెబుతుందంటే సగం బరువు దిగుతుంది. అయితే ‘యు క్లోజ్డ్ ది విండో’ అన్నవారిని తప్పుపట్టను, ఇంగ్లీషు మాతృభాషైనవాళ్ళలోనూ అలా మాట్లాడేవారు కోకొల్లలు.

1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది బడుల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో వ్యాకరణ పాఠమంటూ విడిగా చెప్పేవారు కాదు. రైళ్ళ వేళల పట్టికలూ పటాలూ ముందుపెట్టి, లెక్క తేల్చమనే పనుల ద్వారానే భాష వస్తుందని నమ్మారు. నాకు ఆ నమ్మకం మీద గౌరవం ఉంది కానీ అంత ధైర్యం లేదు. నలభై అయిదు నిమిషాల పీరియడులో చివరి పది నిమిషాలూ ఆటలో నేను రాసుకున్న వాక్యాలను, ఎవరివో చెప్పకుండా, బోర్డు మీదికి ఎక్కించి నియమం చెబుతాను. నలభై ఆరు మందిలో ఆటలో నోరు విప్పనివాళ్ళు ఎప్పుడూ పది మందైనా ఉంటారు. ఆ పది నిమిషాలు ముఖ్యంగా వాళ్ళవి. వాళ్ళకు ఆటలో సాక్షి, గుమస్తా లాంటి చిన్న పాత్రలు ఇచ్చి చూశాను, కొందరు కదిలారు, కొందరు ఏడాదంతా కదలలేదు.

మొన్న ‘హావ్ యు ఎవర్’ ప్రశ్నల ఆట ఆడాం. ‘హావ్ యు ఎవర్ సీన్ ది సీ?’ అని ఒకరంటే, ‘యెస్, ఐ హావ్’ అన్నవారిని ఎప్పుడు, ఎవరితో అని మళ్ళీ అడగాలి; ఆ రెండో ప్రశ్నలో ‘హావ్’ వదిలి ‘డిడ్’లోకి దిగాలి. సూర్యలంక, సాగర్ డ్యామ్ అన్నీ అయ్యాక ఒక అమ్మాయి నా వైపు తిరిగి, ‘సార్, హావ్ యు ఎవర్ ఫెయిల్డ్ ఇన్ ఇంగ్లీష్?’ అని అడిగింది. ఆట నియమం ప్రకారం అబద్ధమాడకూడదు. ‘యెస్, ఐ హావ్’ అన్నాను. ఒక్క క్షణం గది నిశ్శబ్దమైపోయింది. తరువాత, ఇంతవరకూ ఎన్నడూ నోరు విప్పని చివరి బెంచీ నుంచి ‘వెన్ డిడ్ యు ఫెయిల్, సార్?’ అని వచ్చింది.