ఈగల్స్ షీటులో కొత్త కాలమ్: ఖాళీ ఎప్పుడు?

ఫిబ్రవరి 2025

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ 40-22తో చీఫ్స్‌ను ఓడించిన మర్నాడే ఈగల్స్ ఆటగాళ్ల వివరాలతో ఒక షీటు మొదలుపెట్టాను. ఆ రాత్రి నన్ను సోఫాలోంచి లేపిన క్షణాలు రెండు: కూపర్ డిజీన్ బంతిని లాక్కుని ఎండ్ జోన్ (మైదానం చివర పాయింట్లు వచ్చే చోటు) దాకా పరిగెత్తడం, ఆ తర్వాత జాక్ బాన్ పట్టిన ఇంటర్‌సెప్షన్ (ఎదుటి జట్టు విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం). కాలేజీ ఆటగాళ్లను జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2024లో డిజీన్ 40వ పిక్, అంటే 40వ ఎంపిక. బాన్ అదే ఏడు 35 లక్షల డాలర్లకు, ఒక్క ఏడాది ఒప్పందంతో వచ్చిన ఫ్రీ ఏజెంట్, అంటే పాత ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడు. ఈ రెండు దారులూ ఒక జట్టులో ఎలా కలుస్తాయో నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది.

ముందు పెట్టిన కాలమ్‌లు మామూలువే: పేరు, స్థానం, వయసు, ఎలా వచ్చాడు, జీతం, ఒప్పందం ముగిసే ఏడు. వారం తిరక్కుండానే ఇంకొకటి చేర్చాను: "ఖాళీ ఎప్పుడు", అంటే ఆ చోటుకు కొత్తవాడు కావాల్సిన ఏడు. షీటుకు ప్రాణం ఇదే. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడికి నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది, మొదటి రౌండ్ వాడైతే ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకుంటుంది. అంటే ఆ చోటు తక్కువ జీతంతో అన్నేళ్లు నిండినట్టే.

మార్చి

టెన్షన్ పెట్టిన నెల. సూపర్ బౌల్‌లో అదరగొట్టిన జాష్ స్వెట్ కార్డినల్స్‌కు, మిల్టన్ విలియమ్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లతో పేట్రియట్స్‌కు వెళ్లిపోయారు. మనసు ఒప్పుకోలేదు కానీ, 2025కి శాలరీ క్యాప్ (ఒక జట్టు జీతాల మొత్తానికి పరిమితి) 27.92 కోట్ల డాలర్లు, దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ ఒప్పందమే ఐదేళ్లకు 25.5 కోట్లు. విలియమ్స్ ఆడే స్థానంలో 2023 డ్రాఫ్ట్ 249వ పిక్ మోరో ఓజోమో ఎదురుచూస్తున్నాడు. పైగా ఇలా పోయినవాళ్లకు బదులుగా వచ్చే ఏడు డ్రాఫ్ట్‌లో అదనపు పిక్‌లు దక్కే వీలుంది.

అక్కడే ఒక తప్పు చేశాను. డేరియస్ స్లే స్టీలర్స్‌కు వెళ్లాడని అతన్నీ ఆ లెక్కలో వేశాను. రెండు రోజుల తర్వాత నిబంధన చదివితే తెలిసింది: స్లేను జట్టే విడుదల చేసింది, అలాంటివాళ్లు లెక్కలోకి రారు. ఒప్పందం ముగిసి వెళ్లినవాళ్లే వస్తారు. అది కూడా పోయినవాళ్లూ బయటి నుంచి తెచ్చుకున్నవాళ్లూ పోగా మిగిలిన లెక్క. అందుకే షీటులో "పోయాడు" బదులు ఇప్పుడు "ముగిసింది", "విడుదల" అని వేరువేరుగా రాస్తున్నాను. స్లే చోటుకు మాత్రం కంగారు లేదు. 22వ పిక్ క్విన్యాన్ మిచెల్, డిజీన్ ఏడాది ముందే వచ్చి ఉన్నారు.

ఏప్రిల్

డ్రాఫ్ట్‌కు ముందు, త్వరలో ఖాళీ అవుతాయని షీటులో పసుపు రంగు వేసిన వరసల్లో ఒకటి: నకోబీ డీన్, లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ముందు వరస వెనక ఆడేవాడు), మోకాలి గాయం, ఖాళీ 2026. అదే స్థానంలో ఆడే బాన్‌తో మార్చిలోనే మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది కాబట్టి ఈసారి ఈ స్థానం జోలికి పోరని మా బావ వాదించాడు.

"వచ్చే ఏడు చూడు బావా" అని ఆ పసుపు వరస చూపించాను. ఈగల్స్ ఒక మెట్టు పైకి జరిగి 31వ పిక్‌తో లైన్‌బ్యాకర్ జిహాద్ క్యాంబెల్‌ను తీసుకున్నారు. బావ ఫోన్ చేసి ఆ షీటు తనకూ పంపమన్నాడు.

వచ్చే వారం 2021, 2022 డ్రాఫ్ట్‌లు ఎక్కించాలి.