వరండాలో పది మీటర్లు: మూడో వారం

హన్మకొండలో మా మేడ మీద వరండా ఈ గోడ నుంచి ఆ గోడకు పదకొండున్నర మీటర్లు. ఇంట్లోనే ఎయిర్ పిస్టల్ (నొక్కిపెట్టిన గాలితో కాల్చే తుపాకీ) సాధన చేస్తున్నా, దానికి 10 మీటర్లు చాలు. నాన్న బట్టలు ఆరేయడానికి వదిలిన జాగా అది. ఇప్పుడు తీగ ఒక మూలకు జరిగింది. అమ్మ మొహం మాత్రం ఇంకా మామూలుకు రాలేదు.

టార్గెట్ మధ్య చుక్క నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. టార్గెట్ వెనక పెట్టెను వెల్డింగ్ షాపులో చేయించా. లోపల ఇనుప రేకు 45 డిగ్రీలు వంచి పెట్టారు, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) దానికి తగిలి కింది ట్రేలో పడుతుంది. చివర ఉన్న తలుపుకు లోపల గొళ్ళెం పెట్టకుండా ఒక్క షాట్ కూడా కాల్చను. లైసెన్స్ సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా: మన ఆయుధ నిబంధనల్లో గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలు, కాల్చే శక్తి 20 జూల్స్ దాటని ఎయిర్ గన్‌కు అక్కర్లేదు. నాది దాదాపు 6 జూల్స్.

ఈ వారం పనంతా పెల్లెట్లు ఏరడమే. 500 పెల్లెట్ల డబ్బా, ఒక్కోటి 0.53 గ్రాములని మూత మీద ఉంది. బంగారం తూచే మిల్లీగ్రాము త్రాసు ఒకటి తెప్పించి వంద తూచా. మొదట అంకెలు ఒకచోట నిలబడలేదు. ఒకే పెల్లెట్ మూడుసార్లు పెడితే మూడు బరువులు. త్రాసు పాడైందనుకుని వాపసు పంపడానికి డబ్బా కూడా వెతికా. తీరా చూస్తే పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఫ్యాన్ ఆపి, చెమటలు తుడుచుకుంటూ మళ్ళీ మొదలుపెడితే అన్నీ 0.528 నుంచి 0.535 మధ్యలో పడ్డాయి.

బరువును బట్టి నాలుగు కుప్పలు చేశాక, ఇంత కష్టం దేనికని లెక్క వేశా. పెల్లెట్ సెకనుకు 150 మీటర్లు పోతే 10 మీటర్లలో దాదాపు 22 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. బరువులో 5 మిల్లీగ్రాముల తేడా ఉంటే వేగం అర శాతం మారుతుంది, దిగడంలో తేడా 0.2 మిల్లీమీటర్లు. పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే నడిమి వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు! రైఫిల్ వాళ్ళకు ఆ పది అర మిల్లీమీటరు చుక్క. వాళ్ళు తూచుకున్నారంటే అర్థముంది. నేను మూడు సాయంత్రాలు ఉత్తినే చెమట కార్చా. నాలుగు కుప్పలనూ మళ్ళీ ఒకే డబ్బాలో పోశా.

పనికొచ్చింది అద్దం ముక్క. దాన్ని కొంచెం వాలుగా పెట్టి పెల్లెట్‌ను పై నుంచి వదలాలి. తల సన్నం, వెనకాల స్కర్ట్ వెడల్పు కాబట్టి అది తిన్నగా రాదు, కొడవలి వంపులా తిరుగుతూ దిగుతుంది. మంచివన్నీ ఒకేచోట ఆగుతాయి. స్కర్ట్ నొక్కుకుపోయినది మధ్యలో టక్కుమని ఎగిరి దారి తప్పుతుంది. గోటితో తడిమితే ఆ సొట్ట తెలుస్తుంది. 200లో 13 తీసేశా.

తర్వాత పిస్టల్‌ను పాత సైకిల్ ట్యూబ్ చుట్టి వైస్‌లో (బల్లకుండే ఇనుప బిగింపులో) బిగించి ఐదేసి కాల్చా. మొదటి గ్రూపు, అంటే ఐదు రంధ్రాలు పరుచుకున్న వెడల్పు, రెండు సెంటీమీటర్లు వచ్చేసరికి గుండె జారింది. బల్ల కాలు కింద టైల్ ఎత్తుపల్లంగా ఉంది, అంతే. చెక్క ముక్క దూర్చాక మంచివి 7 మిల్లీమీటర్లలో పడ్డాయి. తీసేసిన వాటిలో నాలుగు బాగానే పడి ఒకటి పక్కకు పోయి, గ్రూపు 11 అయింది. వైస్ తీసి చేత్తో కాలిస్తే నా గ్రూపు అరచేయంత. దానికి అద్దం ముక్కలో మందు లేదు.

నిన్న అమ్మ సర్వపిండి తెచ్చి బల్ల మీద పెట్టింది. చెయ్యి చాపేలోపే ప్లేటు వెనక్కి లాగింది. "ఆ సీసం చేతులతోనే తింటవా?" అంది. నిజమే. సబ్బుతో కడుక్కున్నా. బల్ల కూడా చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడుస్తున్నా, పొడి లేస్తే ముక్కులోకే పోతుంది.

చేతి పంపుతో పిస్టల్ గాలి సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడికి నింపడం ఇంకో పాట్లు. ఏకబిగిన కొడితే పంపు కాలిపోతుంది, ఈ వానాకాలపు గాలిలోని తేమ కూడా లోపలికి పోతుంది. ముప్పై కొట్టి, పంపు చల్లారేదాకా ఆగి, మళ్ళీ ముప్పై. ఆదివారం మా బామ్మర్ది వస్తానన్నాడు. పంపు వాడి చేతికిచ్చి, మిగిలిన 300 పెల్లెట్లు నేను అద్దం మీద వదులుతా.