సెందాయ్‌లో చామదుంపల పులుసు, చదువుకునేవాళ్ళ సావాసాలు

టోక్యోలో హయబుసా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే గంటన్నరలో సెందాయ్. చేతిలో డబ్బు చూసుకునే విద్యార్థులు హైవే బస్సెక్కుతారు. ఐదారు గంటలు పడుతుంది గానీ చాలా మిగులుతుంది. తొహోకు విశ్వవిద్యాలయం 1907 నుంచీ ఈ ఊళ్ళోనే ఉంది. జపాన్‌లో చదువుకునేవాళ్ళు ఒకరికొకరు ఎలా దగ్గరవుతారో చూడ్డానికి టోక్యో కంటే ఈ ఊరే నయమనిపించింది నాకు. టోక్యోలో క్లాసవగానే తలో రైలెక్కి గంట దూరం పోతారు. ఇక్కడ సైకిలు తొక్కితే అందరూ అందుబాటులోనే.

మన హాస్టళ్ళలో తలుపు తోసుకుని వెళ్ళి "టీకి వస్తావా" అంటే సరిపోతుంది. ఇక్కడ చెప్పకుండా ఎవరూ తలుపు తట్టరు. తేదీ కుదరాలి, చోటు కుదరాలి, తలా ఒక పని ఉండాలి. చేతిలో పనుంటే జపాన్ పిల్లలు గలగలా మాట్లాడతారు. ఉత్తినే ఎదురుగా కూర్చోబెడితే బిగుసుకుపోతారు. ఈ సంగతి ముందే తెలిస్తే మొదటి ఏడాది ఒంటరితనం సగం తగ్గుతుంది.

చదువులు మొదలయ్యేది ఏప్రిల్లో. తొలి వారాల్లో కవాఉచి క్యాంపస్‌లో సర్కిళ్ళవాళ్ళు దారికి అడ్డంపడి కరపత్రాలు చేతిలో కుక్కుతారు. సర్కిల్ అంటే విద్యార్థుల సరదా సంఘం, వారానికి ఒకటి రెండు రోజులు కలుస్తారు. సంఘం పేరు చివర "బు" అని ఉంటే అది గట్టి సాధన, వారంలో నాలుగైదు రోజులు పోతాయి. ల్యాబ్ ఉన్నవాళ్ళకు కుదరదు. సంఘం పేరు, ఏం చేస్తారో తిన్నగా చెప్పకుండా ఫోన్ నంబరు అడిగేవాళ్ళకు దూరంగా ఉండండి. సర్కిల్ ముసుగులో మత బృందాలు వల వేస్తాయని విశ్వవిద్యాలయాలే హెచ్చరిస్తాయి. అక్టోబరులో దిగినవాళ్ళకు ఈ సందడి దొరకదు, ఎవరూ పిలవరు. సర్కిల్ ఇన్‌స్టాగ్రామ్ పేజీకి రాసి, చూడ్డానికి రావచ్చా అని అడగాలి. ఫోన్‌లో లైన్ యాప్ లేకపోతే ఏ కబురూ అందదు, కాబట్టి స్థానిక సిమ్ తీసుకున్న రోజే అది పెట్టుకోవాలి.

మనవాళ్ళలో ఎమ్మెస్‌కో, పీహెచ్‌డీకో వచ్చేవాళ్ళకు ల్యాబే ఇల్లూ వాకిలీ. 1904లో సెందాయ్ వైద్య పాఠశాలలో చేరిన చైనా రచయిత లూ షున్ నోట్సును ఫుజినో మాస్టారు ఎర్ర సిరాతో దిద్దిచ్చేవారట. ఇప్పటి ల్యాబుల్లోనూ ఆ పెద్దరికం కొంత మిగిలే ఉంది. కొత్తవాళ్ళకు ఇచ్చే విందులో కొత్తవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకపోవడం, ప్రొఫెసర్ ఎక్కువ వేసుకోవడం మామూలే.

విందంటే చాలాసార్లు ఇజకాయలో (మందూ తిండీ దొరికే చిన్న హోటల్లో) నోమికాయ్, అంటే కలిసి తాగే పార్టీ. తాగినంత తాగే ప్యాకేజీ తొంభై నిమిషాలో రెండు గంటలో ఉంటుంది, చివరి ఆర్డరు అరగంట ముందే తీసుకుంటారు. అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో పెట్టి తలకి 300 నుంచి 500 యెన్లు వేస్తారు. అది కూర్చున్నందుకు రుసుము లాంటిది, గొడవపడక్కర్లేదు. అందరూ గ్లాసులెత్తి "కంపై" (చీర్స్) అనేదాకా ముట్టకూడదు. మందు వద్దంటే ఊలాంగ్ టీ చెప్పండి, ఎవరూ బలవంతపెట్టరు. ఇరవై నిండనివాళ్ళకు తాగే వీల్లేదు. యుక్తవయసును 2022లో పద్దెనిమిదికి దించినా ఈ నియమం మారలేదు. తాగి సైకిలెక్కడం కూడా నేరమే. 2024 నవంబరు నుంచి మూడేళ్ళ జైలు లేదా 5 లక్షల యెన్ల జరిమానా దాకా వెళ్ళొచ్చు. ఆ రాత్రి సైకిలు నడిపించుకుంటూ పోవాల్సిందే.

మనవాళ్ళకు చెడ్డపేరు వచ్చేది ఇక్కడ కాదు, అంతకు ముందు. నిర్వాహకుడు గ్రూపులో తేదీల పట్టిక పెడతాడు: సున్నా చుడితే వస్తాను, త్రికోణమైతే చెప్పలేను, ఇంటూ అయితే రాను. మన అలవాటు కొద్దీ "చూద్దాంలే" అని సున్నా చుట్టేస్తాం. అతను తలలు లెక్కపెట్టి బుక్ చేస్తాడు. ఆ రోజు ఎగ్గొడితే హోటలువాడు చాలాసార్లు పూర్తి డబ్బు వసూలు చేస్తాడు, అది అతని నెత్తిన పడుతుంది. పైకి ఏమీ అనరు. తర్వాతి పిలుపు రాదంతే. వారానికి 28 గంటల లోపు పార్ట్‌టైమ్ చేసుకునేవాళ్ళు షిఫ్టు తేలేదాకా త్రికోణమే పెట్టాలి.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరంతా హిరోసె నది ఒడ్డున, ముఖ్యంగా ఉషిగోయె వంతెన దగ్గర, ల్యాబులూ సర్కిళ్ళూ ఇమోని వండుకుంటాయి. ఇమోని అంటే సతోఇమో దుంపల పులుసు. ఆ సతోఇమో మరేదో కాదు, మన చామదుంపే! ఆ సీజన్‌లో కన్వీనియన్స్ స్టోర్లలో కట్టెల మోపులు అమ్ముతారు. పెద్ద కుండలు అరువిచ్చే దుకాణాలూ ఉంటాయి. శని, ఆదివారాల్లో పొద్దున్నే వెళ్ళి టార్పాలిన్ పరిచి చోటు పట్టాలి, పది దాటితే మంచి జాగా ఉండదు.

పదిమందికి కిలోన్నర చామదుంప, 600 గ్రాముల పంది మాంసం, రెండు దిమ్మల కొన్యాకు (ఒక రకం దుంప పిండితో చేసే గట్టి జెల్లీ), మూడు లావుపాటి ఉల్లికాడలు, తోఫు, పుట్టగొడుగులు, మూడు లీటర్ల నీళ్ళు, 200 నుంచి 250 గ్రాముల సెందాయ్ మిసో (పులియబెట్టిన సోయా ముద్ద). దుంపలు తడిపి తొక్క తీస్తే జారతాయి, చేతులు దురద. పొడిగా ఉండగానే చెక్కాలి, లేదా గ్లవ్స్ వేసుకోవాలి. కొన్యాకు కత్తితో కోయకుండా చెంచాతో తుంచుతారు, అప్పుడే గరుకు అంచులకు రుచి పడుతుంది. కుండ అడుగున బయటివైపు ముందే గిన్నెల సబ్బు పూస్తే మసి సులువుగా పోతుంది; అరువు కుండకు ఇది తప్పనిసరి. పుల్ల గుచ్చితే దుంపలోకి మెత్తగా దిగాకే మిసో, అదీ సగం వేసి రుచి చూసి మిగతాది. ముందే అంతా వేస్తే నీళ్ళు ఇంకేకొద్దీ ఉప్పెక్కిపోతుంది.

సెందాయ్‌లో పంది, మిసో. కొండ దాటి యమగతకు పోతే గొడ్డు మాంసం, సోయా సాస్. ఏది అసలైన ఇమోని అని రెండూళ్ళవాళ్ళూ సరదాగా కొట్లాడుకుంటారు. గొడ్డు మాంసం తిననివాళ్ళు ఏ పద్ధతో ముందే అడిగి తెలుసుకోవాలి. శాకాహారులు "మాంసం తినను" అంటే సరిపోదు. ఎండుచేప దాషి (మరిగించిన రసం) కలుపుతారు, అది వాళ్ళ దృష్టిలో మాంసం కాదు. కొంబు అనే సముద్రపు నాచు దాషితో చిన్న గిన్నె విడిగా పెడతానని మీరే ముందుకొస్తే నిర్వాహకుడు ఊపిరి పీల్చుకుంటాడు.

చివర్లో మిగిలిన పులుసులో ఉడోన్ (లావుపాటి గోధుమ నూడుల్స్) వేసి, దుకాణంలో అమ్మే కరీ మసాలా ముద్దలు కలిపి కరీ ఉడోన్ చేసే గుంపులూ ఉన్నాయి. అప్పుడు గరిటె మన చేతికే వస్తుంది. ఆ ముద్దల్లో చాలావాటిలో గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది, పెట్టె వెనక చూసుకోండి. వాటికి బదులు ఇంటి నుంచి తెచ్చిన ధనియాలపొడి, జీలకర్ర, పసుపు, కారం వేస్తే పనైపోతుంది. కారం మాత్రం మనకు వేసుకునేదాంట్లో నాలుగో వంతే.

ఎంగిలి ప్లేట్లు, డబ్బాలు, ఆరిన బొగ్గుతో సహా అంతా ఇంటికి మోసుకెళ్ళాలి, ఒడ్డున ఏమీ వదలకూడదు. కుండ తోమే పని ఎవరికీ ఇష్టముండదు కాబట్టి అది తీసుకోండి. పక్కన తోమేవాడితో అరగంట కబుర్లు గ్యారంటీ. తలకి పడేది 1,000 నుంచి 1,500 యెన్లు. ఆ రాత్రికే పేపే అనే చెల్లింపుల యాప్‌లో పంపేసి, గ్రూపులో కృతజ్ఞతగా ఒక ముక్క రాయాలి. డిసెంబరు విందుకు తేదీల పట్టిక ఎవరు పెడతారని అడిగితే నేను పెడతానని అనేయండి.