లినోలెయిక్ ఆమ్లం, లైపాక్సిజనేజ్, ఆ తొలి క్షణాల జాప్యం

సోయా గింజల్లోని లైపాక్సిజనేజ్ అనే ఎంజైము పనితీరును లినోలెయిక్ ఆమ్లంతో కొలిచే ప్రయోగం ఈ వారం చేశాను. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో పుష్కలంగా దొరికే ఈ కొవ్వు ఆమ్లంలో 18 కార్బన్లు, రెండు ద్విబంధాలు ఉంటాయి. ఆ రెండింటి నడుమ ఉన్న 11వ కార్బన్ నుంచి ఎంజైము ఒక హైడ్రోజన్‌ను లాగేసి, ప్రధానంగా 13వ కార్బన్ వద్ద ఆక్సిజన్‌ను చేరుస్తుంది. అలా పుట్టే హైడ్రోపెరాక్సైడ్ అనే ఉత్పన్నం 234 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని శోషించుకుంటుంది కనుక చర్య వేగాన్ని కళ్లెదుటే గీతగా చూడవచ్చు. మామూలు గాజు ఆ కాంతిని అడ్డుకుంటుంది, కాబట్టి ద్రావణాన్ని ఉంచడానికి క్వార్ట్జ్‌తో చేసిన చిన్న పాత్ర (క్యువెట్) తప్పదు.

ఈ ఆమ్లం మహా సున్నితం. గాలి తగిలితే తనంతట తానే ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి సీసాలో నైట్రోజన్ నింపి అతిశీతలంలో దాస్తారు. నీటిలో కలవని ఆ నూనెచుక్కకు ట్వీన్-20 అనే సబ్బులాంటి పదార్థాన్ని, కాస్త క్షారాన్ని జోడించగా పాలలాంటి మసక మెల్లగా తేటపడింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం గ్రాఫు మొదటి భాగమే. ఎంజైము వేయగానే గీత లేవలేదు. కాసేపు బద్ధకంగా పాకి, ఆ తర్వాతే ఎగబాకింది. కారణం ఇదీ: ఎంజైములోని ఇనుము తొలుత ఫెర్రస్ అనే చురుకు లేని స్థితిలో ఉంటుంది. చర్యలో పుట్టే హైడ్రోపెరాక్సైడే దానిని చురుకైన ఫెర్రిక్ స్థితికి తెస్తుంది. ఆ ఉత్పన్నాన్నే చిటికెడు ముందుగా కలిపి చూస్తే జాప్యం దాదాపు మాయమైంది. ఈ లెక్కన, గాలి సోకి ముందే హైడ్రోపెరాక్సైడ్ చేరిన పాత సీసాతో పనిచేసేవారికి ఆ జాప్యం అసలు కనబడకపోవచ్చు.